వైజాగ్ అపార్ట్‌మెంట్ల రోమన్ స్తంభాలు పోస్ట్‌మోడర్నేనా?

అడిగిన ప్రశ్న ఇది: "పోస్ట్‌మోడర్న్ కట్టడాన్ని ఎలా గుర్తుపట్టాలి? బీచ్ రోడ్డు, మధురవాడ వైపు రోమన్ స్తంభాలు, ఆర్చీలు పెట్టి కడుతున్న అపార్ట్‌మెంట్లు కూడా ఆ కోవలోకే వస్తాయా?"

సగం వస్తాయి. పాతకాలపు స్తంభాలు, ఆర్చీల్ని కావాలనే అలంకారంగా, కాస్త ఆటగా వాడుకునే శైలే పోస్ట్‌మోడర్న్. స్తంభం మీద వేలితో కొట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. అది తప్పేమీ కాదు, ఆ శైలిలో స్తంభాలు చాలావరకు డొల్లే. అసలైన పోస్ట్‌మోడర్న్ భవనం పగటివేషగాడి లాంటిది. వేషమని వేసినవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు, సరదా అంతా అందులోనే ఉంది. మన దగ్గర బిల్డర్ దాన్ని "రాయల్ లుక్" అని అమ్ముతాడు, కొన్నవాళ్లు నిజమనే నమ్ముతారు. తేడా అక్కడుంది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆర్కిటెక్ట్ రాబర్ట్ వెంచురీ వాళ్లమ్మకు కట్టిన ఇల్లు చూడండి. 1964లో పూర్తయింది. గుమ్మం మీద సన్నటి ఆర్చీ అతికించాడు. అది దేన్నీ మోయదు. నిజంగా బరువు మోసే లింటల్ (గుమ్మం పైన అడ్డదూలం) కూడా అక్కడే కనిపిస్తుంది, దాచలేదు. న్యూ ఆర్లీన్స్‌లో 1978 నాటి పియాజా డిటాలియా అనే బహిరంగ కూడలిలో ఆర్కిటెక్ట్ చార్ల్స్ మూర్ రోమన్ స్తంభాలకు స్టెయిన్‌లెస్ స్టీలు తొడిగి, నియాన్ దీపాలు పెట్టాడు. ఇక దాన్ని చూసి రోమ్ అనుకునేవాడెవడు?

వెంచురీ, ఆయన భార్య, ఆర్కిటెక్ట్ డెనిస్ స్కాట్ బ్రౌన్ కలిసి చెప్పిన విభజన ఒకటుంది. కొన్ని భవనాలు మొత్తంగా ఒక బొమ్మ ఆకారంలోనే ఉంటాయి, వాటికి "బాతు" అని పేరు పెట్టారు. మిగతావి మామూలు పెట్టెలు, ముఖానికి మాత్రం అలంకారం. హైదరాబాద్‌లో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కట్టుకున్న చేప ఆకారం ఆఫీసు శుద్ధమైన బాతు. ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర బాతు కూడా కాదు, అది నిజం సబ్‌మెరైనే. మన అపార్ట్‌మెంట్లన్నీ రెండో రకం: ఆర్.సి.సి. ఫ్రేము, ఇటుక గోడ, దానికి అంటించిన "ఎలివేషన్", అంటే ముఖభాగం అలంకారం.

ముఖం వేరు, ఒళ్లు వేరు అయినప్పుడు ఏమవుతుందో తెలియడానికి పోర్ట్‌లాండ్ బిల్డింగ్‌ని మించిన పాఠం లేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర పాలక సంస్థ కోసం ఆర్కిటెక్ట్ మైకేల్ గ్రేవ్స్ గీసింది, 15 అంతస్తులు, 1982లో తెరిచారు. బడ్జెట్ బిగువు. చదరపు పెట్టెకు రంగులేసి, బ్రహ్మాండమైన స్తంభాల బొమ్మలు గీసినట్టు చేశారు. పక్క గోడల మీద గాలికి రెపరెపలాడుతున్నట్టు ఫైబర్‌గ్లాస్ తోరణాలు అనుకున్నారు, చివరికి అవి గోడకి అతుక్కుపోయిన చదును కాంక్రీట్ తోరణాలయ్యాయి. కిటికీలు చిన్నవి, లోపల చీకటి. పైనుంచి నీళ్లు కారడం. 2017లో మరమ్మతు మొదలుపెట్టి, దాదాపు 19.5 కోట్ల డాలర్లు పోసి, 2020కి ముగించారు. రంగు కాంక్రీటు మీద అల్యూమినియం రేకుల తొడుగు వేశారు. వేషానికి మళ్లీ వేషం. వారసత్వ కట్టడాల వాళ్లు గగ్గోలు పెట్టారు గానీ, ఆ శైలికి ఇంతకంటే తగిన ముగింపు ఉందంటారా?

పోర్ట్‌లాండ్‌కి పడేది వాననీళ్లే. మనకి ఉప్పుగాలి కూడా. ఇక్కడి స్తంభాల కథ ముందే చెప్పొచ్చు.

మన స్తంభాల డొల్ల తొడుగులు ఎక్కువగా జీ.ఆర్.సి.తో, అంటే గాజు పీచు కలిపిన కాంక్రీటుతో చేస్తారు. సిమెంటు, ఇసుక సమానంగా కలిపి, స్ప్రే పద్ధతిలో అయితే బరువులో దాదాపు 5 శాతం గాజు పీచు వేస్తారు. అది క్షారాన్ని తట్టుకునే జిర్కోనియా పీచు అయి ఉండాలి. మామూలు గాజు పీచు వేస్తే సిమెంటు దాన్ని తినేస్తుంది, కొన్నేళ్లకు తొడుగు పెళుసై పెచ్చులుగా ఊడుతుంది. 12 మి.మీ. మందానికి చదరపు మీటరు 24 కిలోలు తూగుతుంది. అంతే కదా అని నాలుగు బోల్టులతో సరిపెడతారు. విశాఖకి నిర్మాణ నిబంధనల కోడ్ ప్రకారం ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 0.6ని వేగం వర్గంతో గుణిస్తే గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువుతో సమానం. పైగా మూలల దగ్గర గాలి నెట్టదు, లాగుతుంది. కాబట్టి బోల్టు పట్టుకోవాల్సింది స్తంభం బరువుని కాదు, తుఫానుని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ లెక్క అందరికీ అప్పజెప్పింది, ఏ.సి.పి. షీట్లు (గోడలకి తొడిగే అల్యూమినియం పలకలు), అద్దాలు ఎటెటో లేచిపోయాయి. అయినా థర్మాకోల్ కార్నీసుల్ని (గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చే పట్టీల్ని) ఒట్టి జిగురుతో అంటించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రెండోది తుప్పు. తొడుగుని పట్టుకునే మామూలు ఇనుప యాంగిల్‌కి రెడ్ ఆక్సైడ్ పూసి లోపల పెడితే, తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు చోటు ఆక్రమించి తొడుగుని లోపలినుంచి పగలదీస్తుంది. సముద్రం దగ్గర 304 రకం స్టెయిన్‌లెస్ కూడా మచ్చలు పడుతుంది, 316 వాడాలి. తొడుగుని ఒక బిందువు దగ్గర గట్టిగా బిగించి, మిగతా చోట్ల బోల్టు కాస్త జరగడానికి కోల రంధ్రాలు పెట్టాలి, లేకపోతే ఎండకీ వానకీ సాగి కుదించుకుని పగులుతుంది. తొడుగు రెండు సగాల మధ్య 8 నుంచి 10 మి.మీ. సందు వదిలి, బ్యాకర్ రాడ్ (సందులో దూర్చే మెత్తటి నురుగు తాడు) పెట్టి, దానిమీద సాగే సీలెంట్ కొట్టాలి. మేస్త్రీలు పుట్టీ పూసి రంగేస్తారు, మొదటి ఎండాకాలానికే గీత పడుతుంది.

అన్నిటికంటే ప్రమాదం కంటికి కనబడదు. తొడుగు లోపల అసలు ఆర్.సి.సి. పిల్లరు ఉంటుంది. పైనుంచి నీరు దిగి, బయటికి దారిలేక అక్కడే నిలుస్తుంది. పిల్లరు తుప్పు మరకలు బయటికి కనిపించవు. సముద్రతీరానికి కవర్ (లోపలి ఇనుప చువ్వల మీద ఉండే కాంక్రీటు మందం) 45 మి.మీ., తుంపర తగిలే చోట 50 ఉండాలని కోడ్ చెబుతుంది, సైటులో 25కే కానిచ్చేస్తుంటారు. దానిమీద ఈ ముసుగు! నీళ్లు పోవడానికి తొడుగు అడుగున 12 మి.మీ. బెజ్జం పెట్టడానికి అయ్యే ఖర్చెంత?

కార్నీసు పైన బయటికి వాటం, అడుగున అంచునుంచి 25 మి.మీ. లోపలికి నీటి గాడి ఉన్నాయో లేదో కూడా చూడండి. గాడి లేని చోట నల్లటి చారలు దిగుతాయి. అన్నట్టు, అంత ఖరీదైన పెడిమెంట్ (ముఖభాగం పైన ముక్కోణపు అలంకారం) మీద ఏ.సి. అవుట్‌డోర్ యూనిట్లు వేలాడదీయడం ఒకటి. వాటికి చోటు ప్లాన్‌లోనే పెట్టమని బిల్డర్ని ఎవరూ అడగరు.

గతాన్ని ముఖానికి అంటించకుండా ప్లాన్‌లోనే పలికించొచ్చు కూడా. ఆర్కిటెక్ట్ చార్ల్స్ కొరియా జైపూర్‌లో కట్టిన జవహర్ కళా కేంద్రం ఆ నగరం తొమ్మిది చదరాల నక్షానే తీసుకుంది, ఒక చదరాన్ని పక్కకి జరిపి ప్రవేశం చేసింది. దాన్ని పోస్ట్‌మోడర్న్ అనాలా వద్దా అని వాదించేవాళ్లున్నారు, నేను అంటాను. మీ బిల్డర్ మాత్రం నక్షా జోలికి రాడు. స్తంభాలే కావాలంటే, డబ్బు కట్టేముందు యాంకర్ల (తొడుగుని పిల్లరుకి పట్టి ఉంచే బోల్టుల) బిల్లు చూపించమనండి, దానిమీద 316 అని ఉండాలి.