మైకు పట్టుకునే ముందు ఒక మాట

పాపా,

నువ్వు ఉద్యోగం మానేసి యూట్యూబ్‌లో ఇంటర్వ్యూలు మొదలుపెడుతున్నావని మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. ఉగ్రవాదం, ఢిల్లీ రాజకీయాలు, కువైట్‌కు పోయినవాళ్ల కుటుంబాలు, అన్నీ నువ్వే చేస్తావంట. మానే ముందు పెదనాయనకు ఒక్క మాట చెప్పకూడదా? కోపం వచ్చింది, మన ఇంట్లో ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారని సంతోషమూ వేసింది, ఇక నిద్ర పట్టలేదు.

ఫోన్ చార్జింగ్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. నాయకుడి దగ్గరికి పోయే ముందు అదే విషయం మీద పోయిన ఎన్నికల్లో ఏమన్నాడో చదువుకొని పో, దాటేస్తే గొంతు పెంచకుండా మళ్లీ అదే అడుగు.

నా భయం వేరే. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 42 మంది చనిపోయారు. తర్వాత కొన్నాళ్లకు అక్కడ చదువుకుంటున్న మన కడప పిల్లోణ్ణి విచారణకు తీసుకుపోయారని తెలిసి వాళ్లింటికి పోయాను. తండ్రి కువైట్‌లో డ్రైవరు, ఇంట్లో తల్లి ఒక్కతే. స్టీలు గ్లాసులో టీ ఇస్తుంటే చెయ్యి వణికి నా నోట్‌బుక్ మీద ఒలికింది. కొంగుతో తుడుస్తూనే "రాసుకో నాయనా, మావాడు ఏ తప్పూ చేయలేదు" అని పేరు, కాలేజీ, వీధి అన్నీ తనే చెప్పింది. అన్నీ రాసి పంపాను. పొద్దున పేపర్లో పేరుంది, వీధుంది, ఆమె మాట ఒక్కటీ లేదు. పిల్లోడు ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు, అది లోపలి పేజీలో నాలుగు లైన్లయింది. అక్కకు ఖాయమైన సంబంధం తప్పిపోయింది. ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడంట. క్షమించమని అడగడానికి నెల తర్వాత పోతే తాళం వేసి ఉంది. ఒక్క రోజు ఆగలేకపోయాను పాపా.

రాయచోటికి ముందు పోతావంట కదా. 2025లో తమిళనాడు పోలీసులు పాత బాంబు కేసుల నిందితులు ఇద్దరిని పట్టుకున్నది అక్కడే, పేర్లు మార్చుకొని ఏళ్ల తరబడి అంగళ్లు పెట్టుకొని బతికారని తేలింది. పక్క అంగడివాళ్లను అడగాలనే ఉంటుంది నీకు. వాళ్లు రేపు కూడా ఆ బజారులోనే గిరాకీ చూసుకోవాలి. ముఖం చూపించొచ్చా అని రికార్డింగ్‌కు ముందు అడుగు, పెట్టే ముందు మళ్లీ అడుగు. మనసు మార్చుకుంటే తీసెయ్, పోట్లాడకు.

కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లకు ఫోన్ చేస్తే మొదట "పక్కన మేడమ్ ఉందా" అని అడుగు. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. జీతమెంతని మొదలుపెట్టకు, పిల్లలు ఏ జేజి దగ్గర పెరుగుతున్నారో అడుగు, మిగతాది వాళ్లే చెప్తారు.

చీకటి పడేలోగా బస్సెక్కు. ఆదివారం ఇంటికి రా, మీ పెద్దమ్మ ఓళిగలు చేస్తానంటోంది. టీ మరకున్న ఆ నోట్‌బుక్ నా దగ్గరే ఉంది, నీకిస్తాను.

మీ పెదనాయన