గవర్నమెంట్ ల్యాబ్‌లో ఫెలోషిప్ అంటే సిటిజన్లకేనా?

అమెరికాలో పీహెచ్‌డీ ముగింపుకొచ్చిన మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. సిటిజన్లకే అనుకుని చాలామంది అసలు ఆ పేజీ కూడా తెరవరు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నిస్ట్‌లో (కొలతలు, ప్రమాణాల మీద పనిచేసే గవర్నమెంట్ ల్యాబ్) ఎన్ఆర్‌సీ (నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్) పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఫెలోషిప్, అమెరికా సిటిజన్లకే, అది నిజం. కానీ అదే ఎన్ఆర్‌సీ ప్రోగ్రాం కింద వేరే ల్యాబ్స్ కొన్ని బయటి దేశాలవాళ్ళని కూడా తీసుకుంటాయి, ఒక్కో పోస్టు దగ్గర ఎవరు అర్హులో రాసే ఉంటుంది. వైద్య పరిశోధన చేసే ఎన్ఐహెచ్‌లో విజిటింగ్ ఫెలో అనేదైతే బయటివాళ్ళ కోసమే పెట్టింది. ఓక్ రిడ్జ్, ఆర్గాన్ లాంటి ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ల్యాబుల్లో కూడా మనవాళ్ళు పోస్ట్‌డాక్‌లు చేస్తున్నారు, కాకపోతే అనుమతులకి టైం పడుతుంది, ఓపిక పట్టాలి.

ఎన్ఆర్‌సీకి ఏడాదికి నాలుగు గడువులు: ఫిబ్రవరి 1, మే 1, ఆగస్టు 1, నవంబర్ 1. గడువు దగ్గర పడ్డాక పరిగెత్తితే పని జరగదు, ఎందుకంటే ముందు ఆ ల్యాబ్‌లో అడ్వైజర్ ఒప్పుకోవాలి, తర్వాత ఆయనతో మాట్లాడుకుంటూ ప్రపోజల్ రాయాలి, రెండుమూడు నెలలు ఇట్టే అయిపోతాయి.

ఆ మొదటి మెయిల్ దగ్గరే అంతా ఉంది. నేను మొదట్లో ఒకే మెయిల్‌ని పేర్లు మార్చి పదిమందికి పంపాను, ఒక్కరూ పలకలేదు. తర్వాత ఒకాయన పేపర్ రెండు రోజులు కూర్చుని చదివి, మూడో గ్రాఫ్‌లో ఎర్ర గీత చివర్లో ఎందుకు కిందికి వంగింది, నా థీసిస్ డేటాలో కూడా ఇలాంటి వంపే ఉంది అని ఐదు లైన్లు రాస్తే, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. గంటసేపు ఆ వంపు గురించే మాట్లాడుకున్నాం, సీవీ ఆయన తర్వాత అడిగాడు.

ఇక వీసా, ఇది జాగ్రత్తగా చదవండి. జే-1 (ఎక్స్‌ఛేంజ్ వీసా) మీద వెళ్తే 212(ఇ) అనే రెండేళ్ళ రూలు తగలొచ్చు, తగిలితే రెండేళ్ళు ఇండియాలో ఉండి రావాలి లేదా వేవర్ (మినహాయింపు) తెచ్చుకోవాలి, అప్పటిదాకా హెచ్-1బీ, గ్రీన్ కార్డు రెండూ ఆగిపోతాయి. 2024 డిసెంబర్‌లో స్కిల్స్ లిస్టు (ఏ దేశాల్లో ఏ రంగాలవాళ్ళకి ఈ రూలు తగులుతుందో చెప్పే జాబితా) నుంచి ఇండియాని తీసేశారు కదా, ఇంక భయం లేదు అంటున్నారు చాలామంది. రూలు తగలడానికి ఆ లిస్టు ఒక కారణమే, ఫెలోషిప్ డబ్బు ప్రభుత్వం నుంచి వస్తే ఆ కారణంతో రూలు ఇంకా తగులుతుంది, గవర్నమెంట్ ల్యాబ్ అంటే ముందు చూసుకోవాల్సింది అదే. ఆఫర్‌కి సరే అనే ముందే అక్కడి వీసా ఆఫీసుకి రాసి జవాబు మెయిల్‌లోనే తీసుకోండి, ఎఫ్-1 ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మిగిలి ఉంటే దానిమీదే చేరొచ్చా అని కూడా అదే మెయిల్‌లో అడిగేయండి.