పిట్స్‌బర్గ్‌లో అద్దె చవకే, మరి జీతం ఎటు పోతుంది?

సందేహం: ఆగస్టులో పిట్స్‌బర్గ్ డౌన్‌టౌన్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. మా ఆవిడ డిసెంబరులో వస్తుంది. అక్కడ అద్దెలు చవక, బోలెడు మిగులుతుంది అని న్యూజెర్సీలో ఉన్న స్నేహితులు అంటున్నారు. నిజమేనా? ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?

జవాబు: అద్దె సంగతి నిజమే బాబూ. కానీ మీ స్నేహితుల లెక్క అద్దె దగ్గరే ఆగిపోయింది. ఈ ఊళ్లో డబ్బు లోకల్ ట్యాక్సులో, గ్యాస్ బిల్లులో, కారు అడుగున పట్టే తుప్పులో పోతుంది. అద్దెలో యాభై డాలర్లు బేరమాడి తగ్గించుకుని, ట్యాక్సులో నెలకి నూటముప్పై వదిలేసేవాళ్లు ప్రతి ఏడూ వస్తూనే ఉంటారు.

ఇక్కడ, అంటే పెన్సిల్వేనియాలో, రాష్ట్రం పన్ను 3.07 శాతం. అందరికీ ఒకటే రేటు, స్టాండర్డ్ డిడక్షన్ లాంటివేమీ ఉండవు. దాని మీద మీరు నివసించే ఊరికి, అక్కడి స్కూల్ డిస్ట్రిక్టుకి కలిపి ఇంకో పన్ను కట్టాలి. పిట్స్‌బర్గ్ నగరం లోపల ఉంటే అది 3 శాతం. చాలా శివారు ఊళ్లలో 1 శాతం, కొన్నిచోట్ల కాస్త ఎక్కువ. 80,000 జీతానికి నగరంలో 2,400 డాలర్లు, 1 శాతం ఉన్న ఊళ్లో 800. ఏడాదికి 1,600 తేడా.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. డోర్మాంట్, మౌంట్ లెబనాన్, గ్రీన్ ట్రీ వేరే ఊళ్లే అయినా, వాటి చిరునామాలో పోస్టల్ వాళ్లు రాసేది పిట్స్‌బర్గ్ అనే. అది చూసి పేరోల్‌వాళ్లు నగరం రేటు కోసేస్తే మీరు గమనించరు కూడా. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికేషన్ ఫారంలో మీ ఊరినీ స్కూల్ డిస్ట్రిక్టునీ సూచించే ఆరంకెల పీఎస్‌డీ కోడ్ ఉంటుంది. దాన్ని జిప్ కోడ్ చూసి ఊహించకండి. రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో మీ వీధి చిరునామా కొడితే మునిసిపాలిటీ పేరు, కోడ్, రేటు మూడూ వస్తాయి. లీజు మీద సంతకం పెట్టకముందే కొట్టి చూసుకోండి. ఇల్లు మారిన ప్రతిసారీ ఆ ఫారం మళ్లీ ఇవ్వాలి. మొదటి పే స్టబ్ రాగానే లోకల్ ట్యాక్సు వరుసలోని మొత్తాన్ని జీతంతో భాగించి మీ ఊరి రేటే వస్తుందో లేదో చూడండి, రెండు నిమిషాల పని.

ఏప్రిల్ 15 లోపు ఈ పన్నుకి విడిగా రిటర్ను వేయాలి. ఫెడరల్, స్టేటు అయిపోయాయి కదా అని చేతులు దులుపుకుంటే తర్వాత పెనాల్టీ నోటీసు వస్తుంది. భార్యాభర్తల ఆదాయాలు కలిపి చూపించడం కుదరదు, ఎవరి లెక్క వాళ్లదే. మీ ఆవిడకి ఆదాయం లేకపోయినా ఆమె పేరున ఫారం వస్తే చెత్తబుట్టలో వేయకండి. ఆదాయం లేదని, కారణం గృహిణి అని టిక్కు పెట్టి తిప్పి పంపాలి.

ఇల్లు ఎక్కడ అంటే, మీ ఆఫీసు డౌన్‌టౌన్ కాబట్టి దక్షిణాన 'టీ' అనే లోకల్ రైలు వెళ్లే దారిలో చూడండి. శివారులో మిగిలిన పన్ను డౌన్‌టౌన్ పార్కింగుకి పోతే ఏం లాభం? స్టేషనుకి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటే మొదటి ఏడాది ఒక్క కారుతో సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ దూరాన్ని మైళ్లలో లెక్కవేస్తే మోసపోతారు. మ్యాప్‌లో అర మైలు అంటే కొండెక్కి దిగడం కావచ్చు, మెట్లదారి కావచ్చు. సరుకులకి మన కొట్లు తూర్పు శివారు మన్రోవిల్‌లో ఎక్కువ, పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి కూడా అటువైపే. కానీ అక్కడినుంచి డౌన్‌టౌన్‌కి రద్దీగా ఉండే స్క్విరల్ హిల్ టన్నెల్ దాటాలి. గుడికి వారానికోసారి, ఆఫీసుకి రోజూ. ఏది దగ్గరుండాలో మీరే తేల్చుకోండి.

డిపాజిట్ మొదటి ఏడాది రెండు నెలల అద్దెకి మించకూడదు. ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇస్తేనే డిపాజిట్ తిరిగివ్వాల్సిన 30 రోజుల గడువుకి బలం. మిగతా నిబంధనలు రాష్ట్రం సైటులోనే ఉన్నాయి, చదువుకోండి.

ఇక చలికాలం. ఇళ్లు పాతవి, కిటికీలు ఇంకా పాతవి. ఆగస్టులో ఇల్లు చూస్తే ఇది తెలియదు. కాబట్టి ఓనర్ని హీటు, వేడినీళ్లు అద్దెలో కలిసి ఉన్నాయా అని అడగండి. రేడియేటర్లున్న పాత అపార్ట్‌మెంట్లలో చాలాసార్లు కలిసే ఉంటాయి, అప్పుడు అద్దె వంద ఎక్కువైనా అదే చవక. కలవకపోతే జనవరి, ఫిబ్రవరి గ్యాస్ బిల్లులు ఎంత వచ్చాయో అడగండి. సగటు చెబితే వినకండి, సగటులో జూలై కూడా ఉంటుంది. గ్యాస్ కంపెనీకి బడ్జెట్ బిల్లింగ్ కావాలని చెబితే ఏడాది ఖర్చుని నెలలకి సమానంగా పంచుతారు. డబ్బు తగ్గదు కానీ ఫిబ్రవరిలో గుండె ఆగదు.

కిటికీలకి ప్లాస్టిక్ ఫిల్మ్ కిట్టు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. అక్టోబరు చివర వేయాలి. చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక రెండువైపులా అంటుకునే టేపు చుట్టూ నొక్కాలి. ఫిల్మ్ పైనుంచి కిందికి అంటించి, హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టుకుని మూలలనుంచి మధ్యకి వేడి తిప్పితే ముడతలు పోయి బిగుసుకుంటుంది. మరీ దగ్గరగా పెడితే చిల్లు పడుతుంది. దుమ్ము మీద అంటించిన టేపు డిసెంబరుకల్లా ఊడిపోతుంది.

థర్మోస్టాట్ పగలు 68 డిగ్రీల ఫారెన్‌హీట్, పడుకునేటప్పుడు 62. ఊరెళ్తే కట్టేయకండి, 55కి తగ్గనివ్వకండి. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలితే ఒక చలికాలమంతా మిగిల్చింది ఒక్క రోజులో పోతుంది.

కరెంటు సంగతి కూడా చెప్పేస్తాను. ఈ రాష్ట్రంలో సరఫరాదారుని మనం ఎంచుకోవచ్చు. అందుకే మెడలో కార్డు వేసుకుని "మీ బిల్లు ఒకసారి చూపిస్తారా" అంటూ తలుపు కొట్టేవాళ్లుంటారు. మిమ్మల్ని తమ కంపెనీకి మార్చేయడానికి వాళ్లకి కావలసింది బిల్లు మీది ఖాతా నంబరు. చూపించకండి. మొదటి నెలలు తక్కువ రేటు, తర్వాత మారే రేటు, ఇదీ తంతు. మీ బిల్లులోనే 'ప్రైస్ టు కంపేర్' అని ఉంటుంది, అంటే మీరు ఎవర్నీ ఎంచుకోకపోతే పడే రేటు. మారాలనిపిస్తే దాంతో పోల్చుకుని ఫిక్స్‌డ్ రేటు, గడువు తేదీ, రద్దు రుసుము చూసుకుని మీరే మారండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటే రంగు తర్వాత, ముందు కారు అడుగుభాగం చూడండి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు చట్రాన్ని, బ్రేకు పైపుల్ని తినేస్తుంది. ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షనూ, ఈ కౌంటీలో పొగ పరీక్షా తప్పవు. చట్రానికి తుప్పుతో చిల్లు పడితే పాసైనట్టు స్టిక్కరు ఇవ్వరు. కొత్త ఇన్‌స్పెక్షన్ ఇచ్చి అమ్మేవాళ్ల దగ్గరే కొనండి. మంచు పడ్డాక, ఎండ వచ్చిన రోజు అడుగు కూడా కడిగే కార్ వాష్‌కి వెళ్లండి.

మీ ఆవిడకి చలికోటు హైదరాబాద్‌లో కొనొద్దని చెప్పండి. అక్కడ దొరికేది ఇక్కడి జనవరికి ఆగదు, పెట్టెలో చోటు దండగ. మామూలు వస్తువుల మీద ఇక్కడ 7 శాతం సేల్స్ ట్యాక్సు ఉంది కానీ బట్టల మీద లేదు. ఉద్యోగం లేక ఆమె ఇంట్లో ఒక్కతే కూర్చుంటుందని బెంగ ఉంటే, బస్సు కార్డు ఒకటి చేతికిచ్చి ఓక్లాండ్‌లోని కార్నెగీ లైబ్రరీ దారి చూపించండి. వెచ్చగా ఉంటుంది, పైసా ఖర్చులేదు. మీరు వచ్చే రోజు విమానాశ్రయంలో టాక్సీ జోలికి పోకుండా డౌన్‌టౌన్‌కి వెళ్లే 28ఎక్స్ బస్సు ఎక్కండి, మామూలు బస్సు టికెట్టే.