యాభై ఏళ్లు ఒకే బ్యాండా? పెళ్లిళ్లలో వాయించి ఉంటే సాధ్యమే

"ఒకే ఊరి కుర్రాళ్లు పెట్టుకున్న బ్యాండ్ విడిపోకుండా దశాబ్దాలు నిలబడటం నిజంగా జరిగే పనేనా? మీరు కళ్లారా చూసినది ఏదైనా ఉందా?" అని అడిగారు.

ఉంది, చూశాను. లోస్ లోబోస్ అనే అమెరికన్ బ్యాండు. ఇప్పటికే జవాబులు రాసినవాళ్లు స్నేహం, ప్రతిభ, అంకితభావం అంటూ చాలా చెప్పారు. నాకు వాటి మీద పెద్దగా నమ్మకం లేదు. నా లెక్కలో అర్హత ఒక్కటే: పెళ్లిళ్లలో వాయించి ఉండాలి.

నేనూ ఒకప్పుడు ఆ పనిలో ఉన్నవాణ్ణే. డిగ్రీ రోజుల్లో అమలాపురం చుట్టుపక్కల ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. ఐదుగురం ఉండేవాళ్లం. పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, తీర్థాలు, ఏది దొరికితే అది. మూడేళ్లు తిరక్కుండానే సౌండ్ బాక్సుల అద్దె ఎవరు కట్టాలన్న గొడవలో విడిపోయాం. మరి మీరూ పెళ్లిళ్లలోనే వాయించారు కదా అంటారేమో. మూడేళ్లు చాలదండీ. కనీసం ఏడెనిమిదేళ్లు కావాలి.

అన్నేళ్లూ వాయించిన వాళ్లే ఈ లోస్ లోబోస్. స్పానిష్‌లో తోడేళ్లు అని అర్థం. లాస్ ఏంజెలెస్ తూర్పు భాగంలో, మెక్సికో మూలాలున్న కుటుంబాలు ఉండే పేటల్లో, 1973లో మొదలైంది. డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్, సీజర్ రోసాస్, కాన్రాడ్ లొజానో, నలుగురూ గార్ఫీల్డ్ హైస్కూల్ కుర్రాళ్లే. హిడాల్గో, పెరెజ్ అక్కడ డ్రాయింగ్ క్లాసులో పరిచయమయ్యారు. ఈరోజుకీ పాటలు కలిసే రాస్తారు. 1984లో స్టీవ్ బెర్లిన్ అనే శాక్సఫోన్ ఆయన వచ్చి చేరాడు. ఫిలడెల్ఫియా మనిషి. ఇన్నేళ్లయినా నా దృష్టిలో ఆయన ఇల్లరికపు అల్లుడే.

వీళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, అందరూ ఎలక్ట్రిక్ గిటార్ల వెంట పడుతున్న రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లు వినే పాత మెక్సికన్ రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. అప్పటిదాకా వీళ్లూ రాక్ వాయించిన కుర్రాళ్లే. హరానా అని చిన్న గిటారు ఉంటుంది, ఎనిమిది తీగలు. గిటార్రోన్ అని గుమ్మడికాయంత పొట్ట ఉన్న పెద్ద వాద్యం ఉంటుంది, అది బేస్‌కి. ఇవన్నీ రికార్డులు విని పట్టుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పెళ్లిళ్లు, బాప్టిజం విందులు, రెస్టారెంట్లు. 1978లో సొంతంగా వేసుకున్న రికార్డు పేరే 'ఈస్ట్ ఎల్.ఏ. నుంచి ఇంకో బ్యాండ్, అంతే' అన్న అర్థంలో ఉంటుంది. అంత వినయం మా ఆర్కెస్ట్రాకి లేదు. మా బ్యానర్ మీద 'ఆంధ్రదేశ ప్రఖ్యాత' అని రాయించుకున్నాం, మొదటి ప్రోగ్రాం ఇంకా దొరక్కముందే.

ఇక నేను చూసిన సంగతి. కోవిడ్‌కి రెండు మూడేళ్ల ముందు అనుకుంటా. ఇక్కడ కాలిఫోర్నియాలో మా ఆఫీసులో నా పక్క సీటాయన పుట్టి పెరిగింది ఆ లాస్ ఏంజెలెస్ తూర్పు పేటల్లోనే, బాయిల్ హైట్స్‌లో. ఆరెంజ్ కౌంటీలో ఒక పార్కులో సాయంత్రం ఉచిత కచేరీ ఉంది, రమ్మన్నాడు. ఉచితమే, పార్కింగ్ మాత్రం ఇరవై డాలర్లు. కాలిఫోర్నియాలో ఉచితం అన్న మాట వినగానే జేబు తడుముకోవాలి.

వాళ్ల అమ్మానాన్నా వచ్చారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. మడత కుర్చీలు, ఐస్ పెట్టె, ఎర్ర రిబ్బను కట్టిన అట్టపెట్టె నిండా వేడి టమాలీలు. మొక్కజొన్న పొత్తు మీది ఆకులో పిండి చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, మన పొట్టిక్కబుట్టలకి దూరపు చుట్టం. నేను వద్దంటున్నా మూడు పెట్టింది ఆవిడ. తల్లులు ఎక్కడైనా తల్లులే.

పెద్దాయన నాకు చెప్పిన మొదటి మాట: "వీళ్లు 1975లో మా పినతండ్రి కొడుకు పెళ్లిలో వాయించారు, ఇంటి పెరట్లో." పక్కనుంచి కొడుకు పకపకా నవ్వాడు. ఆ పేటలో యాభై దాటిన ప్రతివాడూ ఇదే చెబుతాడట. ఆ లెక్కన వీళ్లు ప్రతి శనివారం ఐదు పెళ్లిళ్లు చేసి ఉండాలి. పెద్దాయన ఏమీ అనలేదు. ఇంకో టమాలీ ఆకు విప్పుకున్నాడు.

స్టేజీ మీద హడావిడి ఏమీ లేదు. రోసాస్ ఎడమచేతి వాటం గిటారు పట్టుకుని, చీకటి పడ్డాక కూడా నల్ల కళ్లజోడుతోనే. హిడాల్గో ఒక పాటకి గిటారు తీస్తాడు, ఇంకో పాటకి అకార్డియన్ మెడలో వేసుకుంటాడు. మొదట్లో డ్రమ్స్ వాయించిన పెరెజ్ ఇప్పుడు ముందుకొచ్చి తీగల వాద్యాలు వాయిస్తాడు. నేను పాటల కంటే వాళ్ల కళ్లు ఎటు చూస్తున్నాయో ఎక్కువ గమనించాను, పాత అలవాటు. పెళ్లి బ్యాండు వాడి చూపు ఎప్పుడూ జనం కాళ్ల మీద ఉంటుంది. ఎవరు లేచారు, ఎవరు కూర్చున్నారు, భోజనాలకి పిలిచారా, అప్పగింతలకి ఇంకెంత టైముంది. వీళ్లకీ ఆ చూపు పోలేదనిపించింది నాకు.

వెనక ఒకడు రెండో పాట నుంచే "లా బాంబా! లా బాంబా!" అని అరుపులు, వీళ్ల పెద్ద హిట్టు పాట అది. మనవాళ్లు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఒకసారి ఇక్కడి తెలుగువాళ్ల సంబరంలో ఒకాయన వయొలిన్ మీద కల్యాణి అందుకున్నాడో లేదో, ముందు వరుసలోంచి "మాస్ సాంగ్ వేయండి సార్" అని కేక. ఆ వయొలిన్ ఆయనకి విమానం టికెట్టు తప్ప ఏమీ ఇవ్వలేదని తర్వాత తెలిసింది. పది నిమిషాలు చెయ్యి ఊపి వెళ్లిన సినిమా ఆయనకి ఎంతిచ్చారో అడక్కండి.

చివరికి లా బాంబా రానే వచ్చింది. అప్పుడు పెద్దాయన చేసిన పని చూడాలి. టమాలీల పెట్టెకి కట్టిన ఎర్ర రిబ్బను విప్పి గడ్డి మీద పొడుగ్గా పరిచాడు. భార్య చెయ్యి పట్టుకుని లేపాడు. ఆవిడ చెప్పులు విడిచి పక్కన పెట్టింది. ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టుకుని, మడమలు నేలకేసి కొడుతూ, కాలివేళ్లతోనే ఆ రిబ్బను అటు లాగుతూ ఇటు తిప్పుతూ మొదలెట్టారు. నాకేమీ అర్థం కాలేదు. వెరాక్రూజ్ వైపు పెళ్లిళ్లలో ఇది ఆనవాయితీ అట. ఈ పాట నడుస్తుండగా వధూవరులు చేతులు తగలకుండా కాళ్లతోనే రిబ్బను ముడి వేయాలి. మనం బిందెలో ఉంగరం వేసి ఇద్దరి చేతులూ పెట్టించమూ, అలాంటి సరదా.

గడ్డి మీద రిబ్బను జారదు. ముడి పడలేదు, చిక్కు పడింది. పెద్దాయన కాలి బొటనవేలికి చుట్టుకుని కుర్చీ మీద కూలబడ్డాడు. ఆవిడ నవ్వుతూ స్పానిష్‌లో ఏదో అంది. కొడుకుని అడిగితే చెప్పాడు: "పెళ్లి రోజూ ఇంతే జరిగిందట."

ఆ రాత్రి దాకా లా బాంబా అంటే నాకు హుషారు పాట, అంతే. అసలది మెక్సికోలో తరాలుగా పాడుకునే జానపదం. రిచీ వాలెన్స్ అనే కుర్రాడు 1958లో రాక్ పాటగా మార్చాడు. 1959 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో పోయాడు, పదిహేడేళ్లకి. అతని జీవితం మీద 1987లో సినిమా తీస్తే అందులో పాటలు వాయించింది వీళ్లే. అమెరికాలో మూడు వారాలు నంబర్ వన్. పూర్తిగా స్పానిష్‌లో ఉన్న పాట అక్కడ పై మెట్టు ఎక్కడం అదే మొదలు. పెళ్లి పాట, పెళ్లి బ్యాండు చేతిలోనే ఆ మెట్టు ఎక్కింది. నా సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అప్పటికి బ్యాండు పెట్టి పద్నాలుగేళ్లు. మధ్యలో 1980లో, పంక్ అనే గోల రాక్ వాయించే ఒక బ్యాండుకి ముందు వాయించడానికి వెళితే జనం చేతికందినవన్నీ విసిరారు. అయినా మానకుండా ఆ పంక్ క్లబ్బుల వైపే వెళ్లి ఎలక్ట్రిక్ గిటార్లు మళ్లీ ఎత్తుకున్నారు. 1984లో గ్రామీ కూడా వచ్చింది. తిట్లు, మెప్పు రెండూ అయ్యాక వచ్చిన హిట్టు తలకెక్కదు. మాకు రావులపాలెంలో ఒక్క పాటకి మూడుసార్లు వన్స్ మోర్ పడితే మా సింగర్ మర్నాటి నుంచి వేరే కారు అడిగాడు.

హిట్టు తర్వాత ఎవరైనా ఏం చేస్తారు? లా బాంబా రెండో భాగం. వీళ్లు 1988లో పాత మెక్సికన్ వాద్యాలు దించి, రాక్ పాటల ఊసే లేని జానపద ఆల్బమ్ వేశారు. కంపెనీ వాళ్లకి ఎంత టెన్షన్ పట్టుకుని ఉంటుందో! దానికీ గ్రామీ వచ్చింది. 1992లో 'కీకో' అని ఇంకోటి. మొదటిసారి విన్నప్పుడు కారు స్పీకరు పాడైందనుకున్నాను, శబ్దాలు అంత వింతగా ఉంటాయి. నాలుగోసారికి అర్థమైంది. ఇప్పుడు వాళ్ల పనిలో అదే గొప్పదని ఎవరితోనైనా వాదిస్తాను. 2021లో తమ ఊరి బ్యాండుల పాటలు ఏరుకుని మళ్లీ పాడిన ఆల్బమ్‌కి మరుసటి ఏడు ఇంకో గ్రామీ. 2023కి యాభై ఏళ్లు నిండాయి.

ఆ రాత్రి పార్కులో తీసిన రెండు నిమిషాల వీడియో అమలాపురంలో ఉన్న మా ప్యాడ్స్ వాడికి పంపాను. రిబ్బను, పెద్దాయన కాళ్లు, వెనకాల అకార్డియన్. కింద "వీళ్లు మనం మొదలెట్టిన వయసులోనే మొదలెట్టి ఇంకా వాయిస్తున్నార్రా" అని రాశాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. వీడియో సంగతి ఎత్తనే లేదు.

"ఏరా, సౌండ్ బాక్సుల అద్దెలో నీ వాటా పద్దెనిమిది వందలు, ఎప్పుడు పంపుతున్నావ్?"