లైను కొస మునిగిపోతుంటే

ప్రశ్న: నాలుగేళ్లుగా వాడుతున్న నా ఫ్లోటింగ్ ఫ్లై లైను (చేపలు పట్టడానికి వాడే, నీటిపై తేలే తాడు) ఈ మధ్య కొస దగ్గర మాత్రం మునిగిపోతోంది. కంపెనీ వేసిన లూప్ మొదట్లో పూత పగిలి లోపలి దారం కనిపిస్తోంది. లైను మొత్తం మార్చాలా? లీడర్‌ను (లైనుకూ గాలానికీ మధ్య కట్టే సన్నటి దారం) ఈసారి ముడి వేసి కట్టుకోవాలా, లూప్‌తోనా?

జవాబు: మార్చక్కర్లేదు, పగిలిన మేర కోసేయండి. లైను తేలేది పూత వల్ల. లోపల ఉన్నది అల్లిక దారం, పూత పగిలితే అది వత్తి నూనె పీల్చినట్టు నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి పగులు దాటి లోపలికి కూడా పాకుతుంది కాబట్టి పైన ఎంత ఫ్లోటెంట్ (తేలేందుకు రాసే మందు) రాసినా లాభం ఉండదు.

కోస్తే లైను పాడైపోతుందని చాలామందికి టెన్షన్. లైనుకు బరువును బట్టి నంబరు ఇచ్చేటప్పుడు కొసనున్న సన్నటి సమభాగాన్ని వదిలేసి, ఆ తర్వాతి 30 అడుగులే తూస్తారు (5వ నంబరుకు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాముల పైచిలుకు). మీరు తీసేసే నాలుగైదు అంగుళాలు మామూలుగా ఆ తూకంలోకి రానే రావు.

ఇక కట్టడం. నా సలహా ఏంటంటే రెండూ కలపండి. అర మిల్లీమీటరు మందం నైలాన్ ఒక అడుగు తీసుకుని నెయిల్ నాట్‌తో (మేకు పక్కన పెట్టుకుని చుట్టే ముడి) లైనుకు శాశ్వతంగా కట్టేయండి. మేకు బదులు సన్నటి గొట్టం పక్కన పెట్టుకుని ఐదారు చుట్లు చుట్టి, కొసను గొట్టంలోంచి దూర్చి, గొట్టం లాగేశాక ముడిని తడిపి మెల్లగా బిగించాలి. తొందరపడితే చుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, అప్పుడు విప్పి మళ్లీ వేయాల్సిందే. నైలాన్ రెండో కొసకు పర్ఫెక్షన్ లూప్ (జారని ఉచ్చు ముడి) వేయండి. లీడర్ ఎన్నిసార్లు మార్చినా లైను కొయ్యే పని ఉండదు.

లూప్‌లో లూప్ వేసేటప్పుడు రెండూ సమంగా, చేతిలో చెయ్యి వేసినట్టు కలవాలి. ఒకటి మెలిక తిరిగి రెండోదాని మెడ బిగించేలా పడితే అక్కడే పూతను కోస్తుంది. మీ పాత లూప్ మొదట్లో పగలడానికి కారణం ఇదే కావచ్చు, ఒకసారి గుర్తు చేసుకోండి.

లైను మధ్యలో ఎక్కడైనా చిన్న పగుళ్లుంటే శుభ్రంగా తుడిచి, బాగా ఆరాక, వంగే గుణమున్న యూవీ జిగురు పల్చగా పూయండి. సూపర్‌గ్లూ వద్దు, అది గట్టిపడి పక్కనే కొత్త పగులు తెస్తుంది. లోపలి దారమే తెగుతుంటే మాత్రం జిగురును నమ్మకండి.

దోమల మందు రాసుకున్న చేతులతో లైను ముట్టుకోకండి. అందులో డీట్ అనే రసాయనం ఉంటే అది పీవీసీ పూతను తినేస్తుంది.

నీళ్ల దగ్గరికి వెళ్లే ముందు కొత్త ముడిని చేత్తో గట్టిగా లాగి, రాడ్ గైడ్లలోంచి (కర్ర మీది రింగుల్లోంచి) ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. ఎక్కడైనా తట్టుకుంటే ముడి మీద పల్చగా అదే యూవీ జిగురు రాసి నున్నగా చేసుకోండి.