డిజిటల్ మిషన్ ఉన్నాక రక్తపు స్మియర్‌ని (గాజు స్లైడ్‌పై పల్చగా పరిచిన రక్తం) మళ్లీ మైక్రోస్కోప్‌లో చూడాలా?

చూడాలి, కానీ ప్రతి స్లైడూ కాదు. సెల్లావిజన్ లాంటి మిషన్ ముందు 10ఎక్స్‌లో తెల్లకణాలు ఎక్కడున్నాయో వెతుక్కుని, తర్వాత 100ఎక్స్ ఆయిల్ లెన్స్‌తో ఒక్కోదాన్నీ ఫొటో తీసి, న్యూట్రోఫిల్, లింఫోసైట్ అంటూ రకాలవారీగా వేరు చేసి పెడుతుంది. మామూలుగా 100 లేదా 200 కణాలు. ఆ వర్గీకరణ తాత్కాలికమే; టెక్నాలజిస్ట్ చూసి ఒప్పుకుంటేనే రిపోర్ట్. బ్లాస్ట్‌ని (ఇంకా ఎదగని కణం) లింఫోసైట్లలో కలిపేయడం దానికి కొత్తేం కాదు.

అసలు చిక్కు స్మియర్ తోక దగ్గర, అంటే రక్తం పల్చబడి ముగిసే చివర. కణాలు ఒకే పొరగా పరుచుకున్న చోటే చాలా మోడళ్లు చూస్తాయి. ప్లేట్‌లెట్ గుంపులు, మైక్రోఫైలేరియా (ఫైలేరియా పురుగు పిల్లలు) ఏమో తోక అంచుకు కొట్టుకుపోతాయి. గుంపుకట్టిన ప్లేట్‌లెట్లు లెక్కలోకి సరిగా రావు. అందుకే ప్లేట్‌లెట్లు 40,000 అని తక్కువగా వస్తే ఆ అంచుని కంటితో చూడకుండా రిపోర్ట్ వదలొద్దు. గుంపులు కనిపిస్తే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ట్యూబ్‌లో ఉండే రసాయనం) వల్ల కావచ్చు. అలాంటిదే మరో రసాయనం ఉండే సిట్రేట్ ట్యూబ్‌లో మళ్లీ రక్తం తీసి, ఆ ద్రవం రక్తాన్ని పలుచన చేస్తుంది కాబట్టి వచ్చిన కౌంట్‌ని 1.1తో గుణించాలి.

ఫొటోల్లో రంగు తేడాగా ఉంటే సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోకండి, ముందు స్లైడ్‌కి రంగు వేసేటప్పుడు వాడే బఫర్ ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) చూడండి. 6.8 ఉండాలి. ఎక్కువైతే ఎర్రకణాలు నీలంగా కనిపిస్తాయి, తక్కువైతే కేంద్రకాలు వెలిసిపోతాయి. రక్తం తీసిన 4 గంటల్లోపే స్మియర్ వేయండి. ఆలస్యమైతే ఈడీటీఏలోనే కణాలు పాడై, మిషన్ వాటిని గుర్తుపట్టలేక పక్కన పడేస్తుంది.