టైరు పెరిగింది, ట్రాక్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా అన్నయ్య, నేను ఒకే మోడల్ కారు కొన్నాం. ఆయనది బేస్ వెర్షన్, నాది టాప్ వెర్షన్. బ్రోషర్ చివరి పేజీలో చూస్తే ఆయన కారు ట్రాక్ 1490 మి.మీ., నాది 1480. డబ్బు ఎక్కువ పెట్టింది నేను. వెడల్పు టైర్లూ నాకే, ఆయనవి 165 అయితే నావి 185. మరి ట్రాక్ నాకే తక్కువేంటి? అచ్చుతప్పా? లేకపోతే మలుపుల్లో నా కారుకి నిలకడ తక్కువా?

జవాబు: అచ్చుతప్పు కాదండీ. ఆ పది మిల్లీమీటర్లు పట్టుకుని మీ అన్నయ్య మిమ్మల్ని ఆటపట్టిస్తున్నట్టున్నారు. ఈ జవాబు ఆయనకీ చూపించండి.

ట్రాక్ అంటే ఎడమ టైరు నడిమధ్య నుంచి కుడి టైరు నడిమధ్యకి, నేల దగ్గర ఉన్న దూరం. టైర్ల బయటి అంచుల మధ్య దూరం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మీ లెక్కే వేద్దాం. అన్నయ్య కారుకి 1490కి అటు సగం, ఇటు సగం టైరు వెడల్పు కలిపితే 1655. మీ కారుకి 1480, 185 కలిపితే 1665. అంటే నేల మీద పది మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పుగా నిలబడింది మీ కారే!

ఇదంతా రిమ్ము చేసిన పని. చక్రం విప్పి వెనక్కి తిప్పి చూడండి. బోల్టు రంధ్రాలున్న చదునైన ముఖం ఒకటి కనిపిస్తుంది, హబ్బుకి, అంటే కారు వైపు చక్రం బిగించే భాగానికి, ఆనుకునేది అదే. ఈ రోజుల్లో కార్లలో ఆ ముఖం రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఉండదు, బయటివైపుకి జరిగి ఉంటుంది. ఎంత జరిగిందో ఆ కొలతే ఆఫ్‌సెట్. రిమ్ము మీదే ‘ఈటీ 45’ అనో ‘ఈటీ 50’ అనో ఉంటుంది, మట్టి తుడిస్తే కనిపిస్తుంది. ఈ అంకె పెరిగేకొద్దీ చక్రం కారు లోపలికి పోతుంది. ఒక్కో చక్రానికి 5 పెరిగితే రెండు వైపులా కలిపి ట్రాక్ 10 తగ్గుతుంది. మీ ఇద్దరి కార్లకీ తేడా అక్కడే వచ్చి ఉంటుంది. ఇద్దరి రిమ్ముల మీదా ఆ అంకె చదివి చూసుకోండి, నిమిషంలో తేలిపోతుంది.

మరి కంపెనీ ఆఫ్‌సెట్ ఎందుకు పెంచినట్టు? ఫెండర్, అంటే చక్రాన్ని కప్పే రేకు, రెండు వెర్షన్లకీ ఒకటే కాబట్టి. రేకు అచ్చు మార్చడం చాలా ఖర్చు, రిమ్ము మార్చడం తేలిక. టైరు వెడల్పు 20 పెరిగింది. ఆఫ్‌సెట్ ముట్టుకోకపోతే బయటికి 10, లోపలికి 10 వస్తుంది. బయటికి 10 వస్తే గుంతలో పడ్డప్పుడు టైరు ఫెండర్ అంచుకి రాసుకునే ప్రమాదం ఉంది. చక్రాన్ని 5 లోపలికి లాగితే బయటికి వచ్చేది 5, లోపలికి 15. లోపల షాక్ అబ్జార్బర్‌కి తగలనంత ఖాళీ ఉంటే చాలు. అలా ఫెండర్‌కీ షాక్ అబ్జార్బర్‌కీ మధ్య టైరుని సర్దగా మిగిలిన అంకే బ్రోషర్‌లో ట్రాక్‌గా అచ్చయింది. టాప్ వెర్షన్‌కి 1480 పెట్టాల్సిందేనని ఎవరూ పట్టుబట్టి ఉండరు.

ఇక నిలకడ. కారు బరువు 1200 కిలోలు, గరిమనాభి నేలకి 55 సెం.మీ. ఎత్తున ఉందనుకుందాం. మలుపులో కారుని పక్కకి తోసే బలం దాని బరువులో సగం అనుకుందాం. అది గట్టి మలుపే, వెనక కూర్చున్నవాళ్ళు పైన హ్యాండిల్ పట్టుకుని మిమ్మల్ని తిట్టే మలుపు. లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి మారే బరువు ఎంతో చూడాలంటే 1200ని 0.5తో, 0.55తో గుణించి ట్రాక్‌తో భాగించాలి. 1.49 మీటర్లకి 221.5 కిలోలు వస్తుంది, 1.48కి 223. తేడా ఒకటిన్నర కిలో. అర లీటరు నీళ్ళ సీసాలు మూడు! మీ కారు మలుపులో ఎలా ఉంటుందన్నది టైరు రకం, అందులో గాలి, సస్పెన్షన్ బిగువు తేలుస్తాయి. ఈ పది మిల్లీమీటర్లకి అంత సీను లేదు.

తేడా రావడానికి వేరే కారణాలూ ఉంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ వెర్షన్‌కి చాలాసార్లు వెనక సస్పెన్షనే వేరుగా ఉంటుంది. స్పోర్ట్స్ వెర్షన్‌కి పెద్ద బ్రేకులు పెడితే కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని పట్టుకునే భాగం) తగలకుండా రిమ్ము ఆకారం మారుస్తారు, కొన్నిటికి చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్ములే పొడుగు చేసి ఫెండర్లు ఉబ్బిస్తారు. అచ్చంగా ట్రాక్ పెంచాలనే పెంచిన కంపెనీలూ లేకపోలేదు. అమెరికాలో 1959 పోంటియాక్ కార్ల కొత్త బాడీ బాగా వెడల్పయింది. దాని కింద పాత చక్రాలు లోపలికి పీక్కుపోయినట్టు కనిపించాయి. దాంతో వాటిని బయటికి జరిపి, ట్రాక్ దాదాపు 5 అంగుళాలు పెంచి, ‘వైడ్ ట్రాక్’ అని ఊదరగొట్టారు.

బ్రోషర్ మీద నమ్మకం లేకపోతే మీరే కొలుచుకోండి. చదును నేల మీద స్టీరింగ్ నేరుగా పెట్టి కారు ఆపండి. ముందు టైర్లు రెండిటికీ నేలని తాకే చోట ఎడమ అంచు దగ్గరే సుద్దముక్కతో గీత గీయండి. కారు పక్కకి తీసేసి రెండు గీతల మధ్య టేపు పట్టండి. రెండు టైర్లకీ ఒకే వైపు అంచు తీసుకున్నాం కాబట్టి టైరు వెడల్పుతో పని లేకుండా ట్రాక్ వచ్చేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే అది సుద్దముక్క తప్పు, కంపెనీది కాదు.

ప్రశ్న: స్పేసర్లు పెట్టించుకుంటే ట్రాక్ పెరిగి కారు రోడ్డుకి అతుక్కున్నట్టు పోతుందట. పెట్టించుకోనా?

జవాబు: కుర్రతనంలో నేనూ పెట్టించుకున్నాను. హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్ళలే స్పేసర్లు. చక్రానికి 15 మి.మీ. చొప్పున నాలుగు అల్యూమినియం బిళ్ళలు, వాటికి తగ్గ పొడుగు బోల్టులు. చూడ్డానికి కారు భుజాలు విరుచుకుని నిలబడ్డట్టు ఉండేది, కాదనను. మొదటి వారం వెనక ముగ్గురు ఎక్కారు. ప్రతి గతుక్కీ గర్ర్‌మని చప్పుడు. దిగి చూస్తే వెనక ఫెండర్ లోపలి మడత దగ్గర పెయింటు లేచిపోయి రేకు తళతళలాడుతోంది, టైరు భుజం మీద గోటితో గీరినట్టు చుట్టూ ఒక గీత.

అది పైకి కనిపించిన గొడవ. కనిపించనిది స్టీరింగ్‌లో ఉంది. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం కంటికి కనిపించని ఒక వాలు గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత నేలని తాకే చోటుకీ టైరు నడిమధ్యకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. డిజైనర్లు దీన్ని మిల్లీమీటర్లలో చూసుకుంటారు. 1972లో వచ్చిన ఆడి 80 కారులో ఆ గీత టైరు నడిమధ్యకి బయట నేలని తాకేలా పెట్టారు. ఒక పక్క చక్రం జారి, బ్రేకు రెండో పక్కే గట్టిగా పట్టినా, కారు ఆ పక్కకి లాక్కుపోకుండా స్టీరింగ్ తనే కొంత సర్దుకుంటుంది. అలాంటి కారుకి 15 మి.మీ. స్పేసర్ పెడితే చక్రం అంత బయటికి జరిగి, వాళ్ళు కష్టపడి తెచ్చిన ఆ గుణం కాస్తా పోవచ్చు. నా కారు సంగతి చెబుతాను. ఒక పక్క చక్రాలు రోడ్డు అంచు ఇసుకలోకి దిగినప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకున్నంత పని చేసింది. మర్నాడే విప్పించేశాను. బేరింగ్ మీద పెరిగే భారం సంగతి సరేసరి. పాత బోల్టులే వాడితే స్పేసర్ మందమంత మర తక్కువ పడుతుంది, అది ఇంకా ప్రమాదం. వద్దు.

ప్రశ్న: మా కారుకి వెనక ట్రాక్ ముందు ట్రాక్ కంటే 10 మి.మీ. తక్కువ. యాక్సిడెంటై రిపేరైన కారు అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: బ్రోషర్‌లోనూ అదే తేడా ఉంటే నిశ్చింతగా ఉండండి. ముందూ వెనకా సస్పెన్షన్లు వేరు, ట్రాకులు సమానంగా ఉండాలన్న రూలేమీ లేదు. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ కారుకి ముందు 1500, వెనక 1300. పక్కాగా ఫ్యాక్టరీ నుంచే 200 మి.మీ. తేడాతో వచ్చింది.